కౌలేనా అని అడిగింది

"ఎల్లుండి కోర్టులో నువ్వు చెప్పాల్సింది ఒక్క మాటే," అన్నాడు గిల్బర్ట్ పార్జెటర్, గుర్రపుశాల గుమ్మంలో నిలబడి చేతితొడుగులు విప్పుకుంటూ. "అమ్మకం అని చెప్పాను, ఆవిడ సరేనంది. అంతే. జడ్జీ ఇంకేమైనా తవ్వితే, నాలుగేళ్ళయింది, గుర్తులేదను."

హెస్టర్ తలెత్తలేదు. ఆమె చేతులు రెండూ మోచేతుల దాకా వేడి తవుడులో ఉన్నాయి. కొత్తగా ఈనిన గుర్రానికి తవుడులో ఉడికిన అవిసెగింజలు కలిపి పెట్టాలి. ఉండ కట్టకూడదు, మరీ పలచబడకూడదు, మూతి కాలకూడదు. పొద్దున్నే ఆ పని, తరవాత పాకలు చూడటం, తరవాత అత్తగారి టీ, భోజనం, మధ్యాహ్నం గుర్రాల వంశావళి పుస్తకం.

"వింటున్నావా?"

"వింటున్నానండీ."

"ఈ పనికి మనిషిని పెట్టుకోవచ్చు కదా అని అందరూ అడుగుతుంటారు నన్ను. మా ఆవిడకి ఇష్టం, వద్దన్నా వినదు అంటాను." నవ్వి, తొడుగులు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇష్టమే. అబద్ధం కాదు. అందులోనే ఉంది చిక్కంతా. ఇష్టం లేని పని చేయించుకుంటే ఎంతో కొంత మొహమాటం ఉంటుంది. ఇష్టమైన పని చేయించుకున్నవాడికి ఆ మాత్రం కూడా ఉండదు. హాక్స్ బే జిల్లాలో పార్జెటర్ గుర్రాలంటే పేరు. క్రైస్ట్‌చర్చ్ నుంచి, సముద్రం దాటి సిడ్నీ నుంచి వచ్చి కొనుక్కుపోతారు. ఏ ఆడగుర్రానికి ఏ మగగుర్రాన్ని జత కట్టాలో, ఏ పిల్లకి ముంగాళ్ళు వంకరో, ఏ తల్లి పాలివ్వక పిల్లని తన్నుతోందో, అన్నీ హెస్టర్ కళ్ళకే తెలుసు. పుస్తకం నిండా ఆమె దస్తూరీయే. అట్ట మీద మాత్రం గిల్బర్ట్ పేరు, బంగారు అక్షరాలతో. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున, పిల్ల అడ్డం తిరిగి గుర్రం చావబోతుంటే, చెయ్యి సన్నం కాబట్టి హెస్టరే భుజం దాకా లోపలికి పెట్టి, కాలు వెతికి, మడిచి, తిప్పి బయటికి తీసింది. ఆ వారంలోనే వచ్చిన కొనుగోలుదారుకి గిల్బర్ట్ ఆ కథంతా భోజనాల బల్ల దగ్గర వర్ణించి చెప్పాడు. ప్రతి ముక్కా సరిగ్గానే చెప్పాడు, ఒక్క చెయ్యి ఎవరిదన్నది తప్ప. ఆమె మాంసం వడ్డిస్తూ వింది. వంటింట్లోకి వచ్చాక అత్తగారు గొంతు తగ్గించి, "నువ్వు కల్పించుకుని అది నేనేనని అనకపోవడం మంచిదైంది. ఆడది గుర్రం కడుపులో చెయ్యి పెట్టిందని తెలిస్తే, ఆ చేత్తో కలిపిన రొట్టె ఎవరు ముట్టుకుంటారే తల్లీ?" అంది.

భాష సంగతీ అంతే. హెస్టర్ నాన్న మిషన్లో అచ్చుపని చేసేవాడు. అమ్మ తొందరగా పోయింది. వంటింట్లో పనిచేసే రిపెకా అనే పిల్ల, తెల్లవాళ్ళకి ముందు నుంచీ ఆ దేశంలో ఉన్న మావోరీ జనంలోది, అప్పటికి పద్నాలుగేళ్ళది, హెస్టర్‌ని చంకనేసుకుని పెంచింది. హెస్టర్‌కి మొదట వచ్చిన మాటలు ఆ భాషలోవే. "హేతా" అని పిలిచేది రిపెకా. ఇప్పటికీ ఆ పిలుపు వింటే హెస్టర్‌కి ఎక్కడున్నా కాళ్ళు ఆగిపోతాయి. పెళ్ళయిన కొత్తలో గిల్బర్ట్ స్నేహితుల ముందు, "మా ఆవిడ కోపం వస్తే వంటమనిషి భాషలో తిడుతుంది, జాగ్రత్త" అని నవ్వించేవాడు. ఆమె సిగ్గుపడి ఆ భాష మానేసింది. నదికి ఇవతలి పల్లపు నేల మీద ఆయన కన్ను పడిన తరవాత, అదే భాష అకస్మాత్తుగా చాలా గొప్పదైపోయింది.

ఆ నేల పేరు వైపునా. రిపెకాకి తాతల నుంచి వచ్చింది. తోబుట్టువులంతా పోయి భూమి హక్కు కాగితంలో ఆమె పేరు ఒక్కటే మిగిలింది. సున్నపురాయి మీద పెరిగిన గడ్డి అది. ఆ గడ్డి తిన్న గుర్రప్పిల్లకి ఎముక ఎలా వస్తుందో గుర్రాలవాళ్ళందరికీ తెలుసు. నేల మధ్యలో ఒక వాగు. వాగు నిండా మలుగు చేపలు. గిల్బర్ట్ ఏడాది పాటు అడిగించాడు. రిపెకా అమ్మనంది. కౌలుకైతే ఆలోచిస్తానంది.

"సర్కారు దుబాసీ రేపు రావటం లేదు," అన్నాడు గిల్బర్ట్, నాలుగేళ్ళ కిందట కాగితం సిద్ధమైన రోజు. "సంతకం ఆయన నేపియర్ పట్నంలో కూర్చుని తరవాత పెడతాడు. కాగితం ఆవిడకి చదివి చెప్పేది నువ్వే."

"అమ్మకం కాగితం కదండీ ఇది. ఆవిడ అమ్మనంది."

"అమ్మకం అనగానే కంగారుపడుతుంది. కౌలంటే పడదు. తేడా ఏముంది చెప్పు? చేతికి సొమ్ము వస్తుంది. ఆవిడ ఇల్లు అక్కడే ఉంటుంది. ఎవరు పొమ్మంటారు?" తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట కొండవాలు మీద మేస్తున్న డాఫ్నీని చూపించాడు. హెస్టర్ ప్రాణమంతా ఆ గుర్రం మీదే. ఆ ఎగువ గడ్డి పడక రెండుసార్లు నెలలు నిండకుండానే ఈచుకుపోయింది. "ఆ నేల మనదైతే డాఫ్నీ నీది. దానికి పుట్టేవీ నీవే. పుస్తకంలో నీ పేరే రాసుకో."

ఎవరూ ఆమె గొంతు మీద కత్తి పెట్టలేదు. ఆయన కొట్టలేదు, అరవలేదు, పుట్టింటికి పొమ్మనలేదు. తరవాతి నాలుగేళ్ళలో హెస్టర్ ఈ సంగతిని ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసుకున్నా, ఎక్కడా పట్టుకోవడానికి ఆధారం దొరకలేదు. భయపడి చేశానని చెప్పుకుందామంటే భయం లేదు. తెలియక చేశానందామంటే ఆ జిల్లాలో ఆ రెండు మాటలకీ తేడా ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆమెకి ఒక గుర్రం కావాలనిపించింది. అంతే జరిగింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళకి మొదటిసారి ఒక వస్తువు పక్కన తన పేరు ఉంటుందంటే, నోట్లో నీళ్ళూరినంత పనైంది.

మరునాడు వెళ్ళారు. రిపెకా ఇంటి ముందు చాప పరిచి, ఉడికించిన దుంపలు, పందిమాంసం పెట్టింది. "తిను, తిను. మీ ఇంట్లో గుర్రాలకి పెట్టాక నీకు మిగులుతుందో లేదో," అని హెస్టర్ చెంప గిల్లింది. గిల్బర్ట్ వైపు చూసి, ఆయనకి అర్థంకాని భాషలో, "మీ ఆయన ముక్కేంటే, ఎండకి ఉడికిన రొయ్యలా ఉంది" అంది. హెస్టర్ నవ్వాపుకోలేకపోయింది. ఏమంటోందని గిల్బర్ట్ అడిగితే, "మీరు బాగున్నారంటోంది" అని చెప్పింది. అప్పటికే ఒక అబద్ధం అయింది. రెండోది అంత బరువనిపించలేదు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. రిపెకా తన భాష చక్కగా చదువుతుంది, రాస్తుంది. హెస్టర్ నాన్నే నేర్పాడు. కానీ ఈ కాగితంలో ఆమెకి తెలిసింది తన పేరొక్కటే. దాని మీద వేలు పెట్టి, కాగితం వైపు కాక హెస్టర్ ముఖంలోకి చూసి అడిగింది.

"ఇది కౌలేనా, హేతా? మావాళ్ళ దగ్గర అవతలి ఒడ్డు నేల మీరు ఏడాదికింతని తీసుకున్నట్టు?"

గిల్బర్ట్ చిరునవ్వుతో తల ఊపాడు, ప్రశ్న ఏమిటో తెలియకుండానే.

"అవునక్కా," అంది హెస్టర్. "కౌలే."

రిపెకా మళ్ళీ అడగలేదు. సంతకం పెట్టి, ఇంకో దుంప తినమంది.

కంచె నెలలోపే లేచింది. వాగు కంచె లోపల పడింది. మొదటిసారి చేపలకి వచ్చిన రిపెకాని కూలివాళ్ళు మర్యాదగానే వెనక్కి పంపారు. రెండోసారి కుక్కల్ని వదిలారు. ఆ సాయంత్రమే రిపెకా పార్జెటర్ల ఇంటి వెనక గుమ్మానికి వచ్చింది. హెస్టర్ మేడ మీద పరదా వెనక నిలబడి చూసింది. అత్తగారు మెట్ల మీద నిలబడి, రొట్టెముక్క గుడ్డలో చుట్టి ఇవ్వబోయింది. "నాకు రొట్టె వద్దమ్మా. హేతాని పిలవండి. లెక్క ఎక్కడో తప్పింది, తనకి తెలుస్తుంది," అంది రిపెకా తనకి వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కల్లో. అత్తగారు పైకి వచ్చి అడిగింది. "తలనొప్పిగా ఉందని చెప్పండి," అంది హెస్టర్. ఆ మాట కిందికి వెళ్ళింది. రిపెకా, "అయితే పడుకోనివ్వండి. తడిగుడ్డ వెయ్యండి నుదుటి మీద. చిన్నప్పుడూ అంతే," అని వెళ్ళిపోయింది.

ఆ గడ్డి మీద డాఫ్నీకి కడుపు నిలిచింది. మూడో ఏడు ఎర్రగోధుమ రంగు ఆడ గుర్రప్పిల్లని ఈనింది. నుదుట చుక్కలేదు, కాళ్ళకి తెలుపు లేదు, నిలబడితే విల్లు వంచినట్టుండేది. హెస్టర్ పుస్తకంలో యజమాని అన్నచోట 'శ్రీమతి హెస్టర్ పార్జెటర్' అని రాసి, ఇసుక చల్లి ఆరబెట్టి, రెండుసార్లు చదువుకుంది. ఆ పిల్లకి ఏడాది నిండగానే సిడ్నీ నుంచి వచ్చినాయనకి గిల్బర్ట్ దాన్ని అమ్మేశాడు. తాడు పట్టుకుని తీసుకుపోతుంటే హెస్టర్ వాకిట్లోకి పరిగెత్తింది.

"అది నాదన్నారు!"

"నీదే," అన్నాడు గిల్బర్ట్ నిజంగా ఆశ్చర్యపోయి. "కాదన్నానా? నీదైతే నాది కాకుండా పోతుందా? పెళ్ళాం పేరు మీద గుర్రం ఏ చట్టంలో ఉంది, హెస్టర్? ఏదో ముద్దుకి రాసుకోమన్నాను."

అత్తగారు వెనక నుంచి, "పది మందిలో ఏమిటా అరుపు, లోపలికి రా," అంది.

హెస్టర్ లోపలికి వెళ్ళింది. ఏడుపు రాలేదు. ఒక మాట చెబుతారు, ఇంకో మాట కాగితంలో ఉంటుంది, నమ్మినవాళ్ళు సంతకం పెడతారు. ఆ పని ఎంత సులువో ఆమెకి తెలుసు. చేసి చూసింది. ఆ తెలియడంలో ఆమెని కాల్చేసింది ఒక్కటే: తన గుర్రం పోయే దాకా రిపెకా వాగు కోసం తనకి ఒక్క రాత్రీ నిద్ర చెడలేదు. అప్పుడప్పుడు బాధనిపించింది, నిజమే. బాధనిపించి పడుకుంటే నిద్ర పట్టేది. తనకి తగిలితే గానీ తగలదా? తన మీద తనకి అసహ్యం వేసింది. ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకోవాల్సిన మనిషి ఒకతే ఉంది, ఆమెకి తలనొప్పని చెప్పి పంపించేసింది.

ఆ ఏడాది చివర రిపెకా నేపియర్‌కి ఫిర్యాదు రాసింది. అదే ఈ విచారణ.

ఊరి హాల్లో బల్లలు జరిపి కోర్టు పెట్టారు. ఒక పక్క గుర్రాలవాళ్ళు, గొర్రెలవాళ్ళు, వాళ్ళ భార్యలు. ఇంకో పక్క రిపెకా మనుషులు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద. గిల్బర్ట్ వకీలు ఎర్రటి చేతుల లావుపాటి మనిషి. రిపెకాని చాలా మర్యాదగా అడిగాడు. మీకు చదువు వచ్చు కదా? వచ్చు. సంతకం మీదే కదా? నాదే. సొమ్ము తీసుకున్నారు కదా? తీసుకున్నాను, కౌలు సొమ్మనుకుని. ఏడాదేడాదీ ఇస్తారనుకున్నాను. మరి చదువుకున్న మనిషి, కాగితంలో ఏముందో తెలుసుకోకుండా సంతకం పెట్టారా?

కొత్త దుబాసీ ఆ ప్రశ్న తర్జుమా చేసి చెప్పాడు. రిపెకా తిన్నగా జడ్జీ వైపు తిరిగింది.

"తెలుసుకున్నానయ్యా. అడిగి తెలుసుకున్నాను. చెప్పింది హేతా. ఆ కూర్చుంది చూడండి, ఆమె. నేను ఎత్తుకు తిప్పిన పిల్ల. దానికి జ్వరమొస్తే నేను మేలుకున్నాను. అది నాతో అబద్ధమాడదు. నాకు కౌలు అని వినిపించింది. కానీ నాకూ వయసు మీద పడుతోంది, ఒక చెవి సరిగ్గా పనిచెయ్యదు. అమ్మకం అనే చెప్పానని అది అంటే, తప్పు నా చెవిదే. ఫిర్యాదు వెనక్కి తీసుకుని ఇంటికి పోతాను."

దుబాసీ ఇంగ్లీషులో చెప్పేలోపే హెస్టర్‌కి అంతా అర్థమైంది. గిల్బర్ట్ మాత్రం దుబాసీ ముగించాక ఊపిరి వదిలాడు. కుర్చీలో వెనక్కి వాలి భార్య చేతిని రెండు సార్లు తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు.

పిలిచారు. ప్రమాణం చేయించారు. జడ్జీ నెమ్మదైన మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"అమ్మా, ఆ రోజు ఆ కాగితం గురించి ఆమెకి మీరేం చెప్పారు?"

గిల్బర్ట్ కోటుకి పొద్దున ఇస్త్రీ చేసింది హెస్టరే. ఆ కాలరు ఎక్కడ మడత పడిందో ఇక్కణ్ణుంచీ కనిపిస్తోంది. ఇదీ అలాంటి పనే అనిపించింది ఆమెకి. చొక్కాకి గంజి పెట్టడం, తవుడు కలపడం, అతిథులకి నవ్వడం, అబద్ధం చెప్పడం. ఇన్నేళ్ళూ ఇంటి పనుల్లో కలిపి చేసేసింది. ఈ పూట కూడా చేసేస్తే సాయంత్రం మామూలుగా టీ పెట్టుకోవచ్చు. రిపెకా ఆమెనే చూస్తోంది. అనుమానంతో కాదు. తప్పు తన చెవిదని తేలిపోతే ఒప్పుకోవడానికి సిద్ధపడి, కొంచెం తల వంచి, వినపడే చెవి ముందుకు పెట్టి వింటోంది.

"కౌలని చెప్పాను," అంది హెస్టర్.

హాల్లో అలికిడి. వకీలు లేచాడు. "పొరపాటున అన్నారన్నమాట. భాష కొంత మరిచిపోయి..."

"పొరపాటు కాదు. ఆవిడ కౌలేనా అని అడిగింది. కాదని నాకు తెలుసు. అవునన్నాను."

"మీ ఆరోగ్యం ఈ మధ్య బాగుండటం లేదని మీ భర్తగారు చెప్పారు."

"నిన్న ఒక గుర్రానికి పురుడు పోశాను. చెయ్యి వణకలేదు."

ఆడవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. జడ్జీ కలం ఆపి, "తెలిసి ఎందుకు చెప్పారమ్మా? ఎవరైనా బెదిరించారా?" అన్నాడు. ఆ ప్రశ్నలో దయ ఉంది. అవునని ఒక్కమాట అంటే సగం మంది జాలిపడతారు. ఆ సంగతి హెస్టర్‌కి అర్థమైంది.

"లేదు. నాకొక గుర్రం ఇస్తానన్నారు."

హాలంతా నవ్వింది. వెనక బల్లల మీదివాళ్ళు బల్ల చరిచి మరీ నవ్వారు. ఆ నవ్వు ఆగే దాకా హెస్టర్ అలాగే నిలబడాల్సి వచ్చింది. చెవులు, మెడ, అరచేతులు కూడా వేడెక్కిపోయాయి. దుబాసీ ఆ మాటని నేల మీద కూర్చున్నవాళ్ళకి తిప్పి చెప్పాడు. అటువైపు ఎవరూ నవ్వలేదు.

బయట గిల్బర్ట్ బండి ఎక్కి ఆమె వైపు చూడకుండానే తోలుకుపోయాడు. రిపెకా మెట్ల కింద శాలువా సర్దుకుంటూ నిలబడి ఉంది. హెస్టర్ దగ్గరికి వెళ్ళింది, ఏం చెప్పాలో తెలియకుండానే.

"తెలిసే అన్నావా?" అంది రిపెకా.

"తెలిసే అన్నానక్కా."

"ఈ నాలుగేళ్ళూ నా చెవినే తిట్టుకున్నాను." ఆమె గొంతులో కోపం లేదు. "మావాళ్ళంతా నీ మీద పడితే, నోరు ముయ్యండి, అది నా చేతుల్లో పెరిగింది అన్నాను. భూమి పోతే పోయింది, పిల్ల మంచిది అనుకున్నాను. ఇప్పుడు భూమి వస్తుందేమో."

హెస్టర్ క్షమించమని అడగబోయింది. ఆ మాట నోటి దాకా వచ్చాక, అదీ ఒక అడగడమేనని, ఈమెని ఇంకా ఏదో ఒకటి ఇమ్మనడమేనని తోచి మింగేసింది.

"చిన్నప్పుడు దెబ్బ తగిలితే నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేదానివి," అంది రిపెకా. "ఇప్పుడు మాత్రం రాకు, హేతా. కొన్నాళ్ళు రాకు." మనుషులతో కలిసి నది దారి పట్టింది. ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు.

చలికాలంలో తీర్పు వచ్చింది. దుబాసీ లేకుండా, అబద్ధం చెప్పి రాయించిన కాగితం చెల్లదన్నారు. వాగుతో సహా వైపునా తిరిగి రిపెకా చేతికి వచ్చింది. పార్జెటర్ గుర్రాలు కొండవాలుకి వెళ్ళిపోయాయి. అప్పటికి హెస్టర్ ఆ ఇంట్లో లేదు. మతి స్థిమితం లేక అలా చెప్పానని రాసివ్వమని గిల్బర్ట్ ఒక కాగితం తెచ్చాడు. చదివి, సంతకం పెట్టనంది. "పెట్టకపోతే ఈ కప్పు కింద ఉండొద్దు" అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఆమె పెట్టె సర్దుకుంది. మిషన్ బడి వెనక గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో దిగి, పిల్లలకి అక్షరాలు దిద్దిస్తోంది. పొరుగున ఉన్న గుర్రాలవాళ్ళు కష్టమైన కాన్పు వస్తే కబురు పెడతారు. వెళుతుంది. డాఫ్నీ ఆ ఏడు ఎలా ఈనిందో ఆమెకి తెలియలేదు. అడిగే హక్కు తనకి లేదనుకుంది.

ఒక ఆదివారం చర్చి బయట పాదరీ గారి భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు, విచారణ రోజు హాల్లో ఉన్నవాళ్ళే.

"ఎంత ధైర్యమండీ మీది! పాపం ఆ మావోరీ ఆవిడకి ఎంత మేలు చేశారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాం, మీలో ఇంత ఉందని అనుకోలేదు."

హెస్టర్ ముఖం కందిపోయింది. మెల్లగా చేతులు విడిపించుకుంది.

"మేలేమీ చెయ్యలేదండీ. ఆమెది ఆమెకి వచ్చింది, అదీ ఇన్నాళ్ళకి," అంది. "నేను ఆమెని మోసం చేసినన్నాళ్ళూ మీరంతా నన్ను మంచి ఇల్లాలన్నారు."